జిగురు ఆరే వేళ

గోడ మీది బొమ్మకు జిగురుతో అంటించిన బట్ట చిటపటలాడుతోంది. ఎండిన చింతాకు మీద చీమ నడిస్తే ఎంత చప్పుడవుతుందో అంతే. అయినా పరంజా మీద బోర్లించిన బకెట్‌పై కూర్చుని గోడకు చెవి చేర్చి ఉన్న నీవెస్‌కు ప్రపంచంలో మరే చప్పుడూ వినిపించడం లేదు. జిగురు ఆరుతోంది. ఆరుతూ బిగుస్తోంది, బిగుస్తూ తన కింద ఉన్న రంగును, అయిదు వందల ఏళ్ళుగా సున్నంలో ఇంకి సున్నమే అయిపోయిన రంగును, వెంట్రుకవాసి మందాన గోడనుంచి పైకి లాగుతోంది. ఈ పని పూర్తి కాకముందే చేయి వేస్తే రంగు గోడకే ఉండిపోతుంది. పూర్తయ్యాక ఆలస్యం చేస్తే బట్ట తన బరువుకు తానే జారి, మడత పడి, పొడిపొడిగా రాలిపోతుంది. ఆ రెంటికీ నడుమ ఒకే ఒక్క గంట ఉంటుంది, అది వచ్చినప్పుడు చెవికి తెలుస్తుంది అనేవాడు ఆమెకు పని నేర్పిన అల్దెమీరో. తెలుస్తుందా? కింది అంచున, బొమ్మలోని సన్యాసి పాదాల దగ్గర, చప్పుడు తెంపులేకుండా వస్తోంది. నడుము దగ్గర అక్కడక్కడ. ఇక్కడ, ఆ సన్యాసి పునీత ఫ్రాన్సిస్ ముఖం ఉండవలసిన చోట, ఏమీ లేదు. పైకప్పు పగులులోనుంచి మొన్న వాన కారింది కదా, చెమ్మ అయి ఉంటుంది, అనుకుని ఆమె వేలి గోటితో బట్టను మీటి చూసింది. బాగానే ఆరింది. గట్టిగా, డప్పు తోలులా పలికింది. మరి ఆ మౌనమేమిటి?

“సిన్యోరా, ఎంతసేపు?” కిందనుంచి మార్కెత్తి కేక వేశాడు. అగ్నిమాపక దళానికి నాయకుడు, సముద్రపు ఒడ్డు మనిషి, ఈ కొండల్లో నేల ఊగడం అతనికి నచ్చలేదు. “క్రేను మలుపు దగ్గరికి వచ్చేసింది. ఎండ గంటగోపురం దాటగానే ఈ గోడ పడగొట్టాలి నేను. పై ఊళ్ళకు అంబులెన్సు వెళ్ళే దారి ఇదొక్కటే, మీకు తెలుసు.”

“తెలుసు.”

“మీ సన్యాసి అయిదు వందల ఏళ్ళు ఆగాడు. నా గోడ అయిదు నిమిషాలు ఆగేటట్టు లేదు.”

“జిగురుకు మీరు చెప్పండి, వింటుందేమో,” అన్నది నీవెస్, అటు చూడకుండానే.

వాదించడానికి లేదు. అతను చెప్పేది నిజం. ప్రార్థనామందిరపు ఉత్తరపు గోడ మొదటి భూకంపానికే సందువైపు పొట్ట ఉబ్బింది. రెండోదానికి మూలనుంచి విడిపోయింది. ఇప్పుడు దాన్ని నిలబెడుతున్నవి నాలుగు దూలాలూ, అలవాటూ. అందుకే ఒప్పుకుంది ఆమె. ముప్పై ఏళ్ళుగా, గోడనుంచి బొమ్మ ఒలిచే ఈ పనిని ఆమె తిట్టిపోసింది. అల్దెమీరో తరం వాళ్ళు వేటగాళ్ళు, చర్చి తరవాత చర్చి చర్మం ఒలిచి, చుట్టలు చుట్టి, చట్రాలకు బిగించి, పటాల్లా వేలాడదీశారు. గోడకు వేసిన బొమ్మ గోడలో భాగం, గోడ లేకుండా దానికి బతుకు లేదు అని సభల్లో లేచి నిలబడి చెప్పింది. ఒకసారి ముందు వరసలో ఆయనే కూర్చుని ఉన్నాడు. ముసలాయన కోపగించుకోలేదు. బయటికి వచ్చి సిగరెట్టు వెలిగించుకుంటూ, “గోడే పోయే రోజున నన్ను తిట్టుకుంటూనే నా పద్ధతి చేస్తావు, చూడు,” అన్నాడు. ఎద్దు తోలు జిగురు, కాస్త వెనిగరు, బట్ట పెళుసెక్కకుండా కొంచెం బెల్లపు పాకంలాంటి నల్ల మడ్డి. పాళ్ళు ఆమెకు ఆయన చేతి కదలికతో సహా గుర్తున్నాయి. ముందు పలచని నూలు గుడ్డ, దాని మీద ముతక నార బట్ట. తప్పు పట్టడానికి వీలులేని పని చేసింది. ఆమె పనిలో తప్పు పట్టినవాడు ఇంతవరకు లేడు; పట్టబోయినవాళ్ళు మళ్ళీ నోరు విప్పలేదు. ఊళ్ళో ఆమెను గర్విష్ఠి అంటారు, ఆమెకు తెలుసు, ఆ మాట ఆమెకు చెడ్డగా వినిపించదు.

బట్ట కింద ఫ్రాన్సిస్ కనిపించడు. కనబడవలసిన అవసరం లేదు. కళ్ళు మూసుకుంటే అంగుళం అంగుళం నడిచి రాగలదు. కింద ఎడమవైపు, ఆటబొమ్మంత చిన్నదిగా, తెల్లని తలగుడ్డతో మోకరిల్లిన స్త్రీ, కరువులో మఠానికి రొట్టె పంపిన ఇల్లాలు. ఆమె ముక్కు ఈ ఊళ్ళో ఇప్పటికీ సగం ఇళ్ళలో తిరుగుతోంది. ఆమె పక్కన సన్యాసి వట్టి పాదాలు. ఆ పైన మూడు ముడుల తాడు. ఆపైన చాచిన చేతులు, వాటిలో సిలువ మేకుల గాయాలు. ఆపైన అంగీ, ఆ అంగీ కోసం ఎంత గొడవ! మొదట వచ్చిన సన్యాసులు బూడిదరంగు వేయించారు. మా బీదరికమే అసలు బీదరికం అంటూ మరో శాఖవాళ్ళు వచ్చి వాళ్ళను వెళ్ళగొట్టి, ఆ బూడిద మీద గోధుమరంగు పూయించారు. వారి తరవాత ఇంకా కఠినులు వచ్చి, ఫ్రాన్సిస్ వేసుకున్న తలముసుగు గుండ్రంగా ఉండేది కాదు, మొనదేలి ఉండేది అని వాదించి, గోడ మీది ఆయన తలముసుగుకు మొన పెట్టించారు. శుభ్రం చేస్తూ పోతే ఒకదాని కింద ఒకటి మూడు ముసుగులు బయటపడ్డాయి ఆమెకు. ఏదీ తనది కాదనుకున్న మనిషి మీద, ఆయన మాకు చెందినవాడు అనే తగవు. నవ్వు వచ్చింది అప్పుడు, పరంజా మీద ఒక్కతే ఉండి పైకే నవ్వింది. ఆపై మహమ్మారి వచ్చిన ఏడు చేయి అందినంత మేర గోడలకు వెల్ల వేశారు. పరదేశపు సైన్యం వచ్చి ఇందులో గుర్రాలు కట్టింది. వాటి పలుపుల కోసం దిగ్గొట్టిన ఇనుప కడియం ఆయన కుడి మోచేతిలోనుంచే పోయింది. రాజ్యం మఠాన్ని స్వాధీనం చేసుకుని గడ్డి నింపింది, ధాన్యం నింపింది, ఒక ఏడాది బడి పెట్టింది. ఇన్ని చేతులు పడినా ముఖం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఎందుకంటే అందదు. కింద నిలబడినవాడికి అందనంత ఎత్తు. ఎక్కినవాడు కూడా ముసుగు దాకా వచ్చి, ఆ కళ్ళు చూసి దిగిపోయాడేమో.

ఆ ముఖం ఒక్క రోజు పని. తడి గచ్చు మీద చిత్రించేవాడు ఒక పూటకు ఎంత వేయగలడో అంతే గచ్చు పూస్తాడు. ఆరే లోపల రంగు పడాలి. మరునాడు పక్కన కొత్త గచ్చు. అతుకు కంటికి కనిపించకపోయినా వేలికి తెలుస్తుంది. తల చుట్టూ ఉంది ఆ అతుకు, కొంచెం వంకరగా, పుచ్చకాయ ముక్కలా. కుడి చెంప మీద కుంచె గీతలు గరుకుగా ఉన్నాయి. సాయంత్రమై సున్నం బిగుస్తుంటే ఆ పేరు తెలియని మనిషి తొందరపడ్డాడు. ఆయన తొందర ఆ చెంపకు వయసు తెచ్చింది, అలసట తెచ్చింది. నీవెస్ తన బతుకులో చూసిన ముఖాలలో అంతటి నిజమైన ముఖం లేదు. తన భర్త ముఖం చనిపోయిన మూడేళ్ళకే మసకబారింది, ఇది మసకబారలేదు. ఇది పోకూడదు. మిగిలినదంతా పోయినా ఇది పోకూడదు.

దీపపు గొలుసు కదిలింది. ముందు గొలుసు, ఆ తరవాత పరంజా. సన్నగా ఇసుక రాలింది. కింద అందరూ ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోయారు.

“దిగండి!” అన్నాడు మార్కెత్తి.

ఆమె కదలలేదు. గొలుసు ఊగి ఊగి ఆగింది.

“చిన్నదేలే,” అన్నాడు తలుపు దగ్గరనుంచి ఫ్రా రుఫీనో. ఈ మఠానికి అధిపతీ ఆయనే, అధీనులూ ఆయనే. మిగిలినవాళ్ళంతా తోటలో సిలువల కింద ఉన్నారు. “మా వంటింటి తలుపు వేసినా ఇంతకంటే ఎక్కువ ఊగుతుంది.”

“ఫాదర్, మీరు కూడా బయటికి.”

“నేను ఫాదర్‌ను కాదు నాయనా, ఉత్త ఫ్రాను, సోదరుణ్ణి. గురుపట్టం ఇవ్వలేదు నాకు. లాటిన్ రాలేదు.”

అప్పుడే జెలింద గొంతు వినిపించింది. ఆ గొంతు రావడానికి తలుపులు అక్కరలేదు. నలభై ఏళ్ళుగా ఈ చర్చి తాళంచెవి ఆమె కొంగు ముడిలోనే ఉంది; పీఠం గుడ్డలు ఉతికేది, పూలు మార్చేది, పూజలో దగ్గేవాళ్ళ వంక తిరిగి చూసేది ఆమే.

“నీవెస్సూ! పొద్దుటినుంచీ ఏమైనా తిన్నావా? పప్పూ రొట్టే తెచ్చాను. ఆ మూరెడు మీసాల ఆయన లోపలికి రానివ్వడం లేదు.”

“అత్తా, అక్కడే ఉండు.”

“ఉంటాలే. నాకేం భయం లేదు, నీకే చెబుతున్నా, నువ్వు కూడా భయపడకు. ఆయనకేమీ కాదు. నేను చూసుకున్నాగా.”

“ఏం చూసుకున్నావు?”

“మైనం రాశాను.”

నీవెస్ చెవి గోడకు ఆనే ఉంది. కొవ్వొత్తుల పండుగనాడు పూజ చేయించిన కొవ్వొత్తి ముక్కతో ఈ ఊరి ఆడవాళ్ళు ఫ్రాన్సిస్ అంగీ అంచునూ, పాదాలనూ రుద్దుతారు. పిల్లవాడికి జ్వరమొస్తే, మొగుడు గనికి పోతే, వడగళ్ళ మబ్బు పడితే. అమ్మ రాసేది, అమ్మమ్మ రాసేది. పాదాల మీద గోరు మందాన పేరుకున్న ఆ మైనాన్ని కరిగించి తీయడానికే పోయిన నెలంతా పట్టింది. ఎందుకంటే మైనం మీద జిగురు పట్టదు.

“తీసేశాను కదా అత్తా అదంతా,” అన్నది మెల్లగా. “పాదాల దగ్గర.”

“పాదాలకి కాదే పిచ్చిదానా! పాదాలకి ఎప్పుడూ రాసేదే. మొన్న పొద్దున్న నువ్వు జిగురు కాచుకోవడానికి వెళ్ళావు చూడు, పరంజా ఖాళీగా కనిపించింది. ఎక్కాను. ఈ మోకాళ్ళతో! మా అమ్మకి అందలేదు, వాళ్ళమ్మకి అందలేదు. నాకు అందాడు. ముఖమంతా రాశాను, నుదురు, చెంపలు, కళ్ళమీద మాత్రం మెల్లగా. ఇంత వయసొచ్చాక ముఖం తడిమాను ఆయనది.” ముక్కు చీదిన చప్పుడైంది. “నువ్వేమో గోడనుంచి ఒలుస్తానంటివి. ఒలిచేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండాలిగా.”

మెరుపు. జిగురు పూసేటప్పుడు ఆ చెంప మీద చూసిన మెరుపు. అద్దినట్టుగా, చెమట పట్టినట్టుగా. చూసింది తను. చూసి, రంగు లేవకుండా తానే పూసిన రక్షణ ద్రవపు మెరుపు అనుకుంది. వేలు పెట్టి ఉంటే తెలిసేది. వేలు పెట్టలేదు. నా పని మీద నేను వేలు పెట్టి చూసుకోవడమేమిటి? జిగురు వేడిగా ఉంది, చల్లారకముందే పూయాలి, కుంచె ఎత్తింది. ఆ మౌనం అందుకు. బట్ట అక్కడ ఆరింది, బిగిసింది, కాని దాని గుప్పిట్లో ఏమీ లేదు. ఏం చేయవచ్చు? వేడినీళ్ళతో బట్ట నానబెట్టి తీసి, మైనం కరిగించి, మళ్ళీ జిగురు, మళ్ళీ రెండు రోజులు. రెండు రోజులు! ఎండ గంటగోపురం భుజం ఎక్కింది. అల్దెమీరో, నువ్వైతే ఏం చేసేవాడివి? ఆయన నవ్వుతాడు, పొగలోనుంచి. లాగకపోతే మొత్తం గోడతో పోతుంది. లాగితే అన్నీ వస్తాయి, మూడు తరాల తగవు పడ్డ అంగీ వస్తుంది, ఇనుప కడియం దిగిన మోచేయి వస్తుంది, మొనదేలిన ముసుగు వస్తుంది, రొట్టె పంపిన ఇల్లాలి ముక్కు కూడా వస్తుంది. ఫ్రాన్సిస్ రాడు, ఆ ముఖం రాదు. అరవాలనిపించింది. ఏం చేశావే ముసలిదానా, సైన్యాలు చేయనిది, గుర్రాలు చేయనిది. నోటిదాకా వచ్చింది. ముఖం తడిమాను ఆయనది, అంది. నాకు అందాడు, అంది.

కిందికి చూసింది. ఫ్రా రుఫీనో తల ఎత్తి ఆమెనే చూస్తున్నాడు. పోయిన నెలంతా ఆయనే దీపం పట్టుకుని నిలబడ్డాడు, పాదాల దగ్గర మైనం తీస్తున్నప్పుడు. ఎందుకు తీస్తున్నావమ్మా అని అడిగి తెలుసుకున్నాడు. ఆయన ముఖం బూడిదైపోయింది. జెలింద చేతిలోని రొట్టె మూట అందుకుని ఆమె భుజం పట్టుకున్నాడు.

“రా జెలిందా, మనం బయట కూర్చుని జపమాల చెప్పుకుందాం.”

“ఇక్కడ చెప్పుకుంటే ఏం?”

“నువ్వు గట్టిగా చెబుతావు. జిగురు అదురుతుంది.”

“మెల్లగా లాగమనండి దానికి!” ఆమె కేక తలుపు దాటాక కూడా వినిపించింది. “నీవెస్సూ, మెల్లగా! చంటిపిల్లకి చొక్కా విప్పినట్టు!”

కింది అంచున చిటపట ఆగిపోయింది. ఆగడమంటే ఆ గంట వచ్చిందన్నమాట. ఇంత స్పష్టంగా తెలుస్తుందని ఆమె అనుకోలేదు. దిగి, ఇద్దరు కుర్రాళ్ళను బట్ట చుట్టడానికి పెద్ద చెక్క పీపాతో సిద్ధంగా ఉండమంది. ఒక మూల బాకుతో లేపి, రెండు చేతులా పట్టుకుని లాగింది. మొదట వచ్చిన చప్పుడు చినుగుతున్న పట్టుచీరది. పాదాలు వచ్చాయి. ఇల్లాలు వచ్చింది, తలగుడ్డతో, జోడించిన చేతులతో, బట్ట వెనక అద్దంలోలాగా కుడి ఎడమలు మారి. గోడ మీద వాళ్ళ నీడ మాత్రం మిగిలింది, లేత గులాబిరంగు మరకలా. చుట్టండి. బిగించకండి. పైకి. తాడు, మూడు ముడులూ. గాయాలు. తన చేతులు ఎంత బాగా పని చేస్తున్నాయో ఆమె దూరంనుంచి చూస్తున్నట్టు చూసింది. ఇంత మంచి పని ఇదివరకు చేయలేదు. చేస్తూ ఉండగానే ఎవరి చావుకో వంట చేస్తున్నట్టుంది. భుజాలు వచ్చాయి. ముసుగు అంచు వచ్చింది. ఆపైన బట్ట తేలికైపోయింది. ఏ ప్రతిఘటనా లేకుండా, పక్క మీది దుప్పటి తీసినట్టు, జారిపోయి వచ్చింది.

ఆయన గోడ మీద ఉన్నాడు.

ఒట్టి గచ్చు మధ్య ఒంటరి ముఖం. దేహం లేదు, ముసుగు లేదు, మెడ లేదు. మైనం వల్ల రంగులు తడిసినట్టు, ఇవాళ సాయంత్రమే వేసినట్టు మెరుస్తున్నాయి. గరుకు చెంప మీద జెలింద వేళ్ళు లాగిన చారలు కనబడుతున్నాయి. ఆ కళ్ళు ఎప్పటిలాగే ఎవరినీ ఏమీ అడగడం లేదు.

“అయిందా? ఇక దిగండి, సిన్యోరా.”

“అతుకు ఉంది,” అంది నీవెస్, ఎవరితోనో. ఉలి తీసుకుంది. ఒక్క రోజు గచ్చు, దాని అంచు వేలికి తెలుసు. అంచు వెంట కోస్తే పలకలా ఊడి రావచ్చు, వెనక రాయితో సహా. మొదటి దెబ్బ. రెండోది. సున్నం కళ్ళలో పడింది. మార్కెత్తి నిచ్చెన ఎక్కుతున్నాడు, తిడుతున్నాడు, తల్లులందరినీ తలచుకుంటున్నాడు. నుదుటి పైన అతుకు తెరుచుకుంది. వస్తుంది. కొంచెం, ఇంకొంచెం, అంతటి మనిషివి నాకోసం ఇంకొంచెం ఆగలేవా. పలక కదిలింది, ఆమె అరచేయి చెంప మీద ఆనించింది, పడిపోకుండా, మైనం చల్లగా, నునుపుగా తగిలింది. కదిలింది పలక కాదు, గోడ. ఒక చేయి ఆమె నడుం చుట్టూ పడి వెనక్కి లాగేసింది. నిచ్చెన, మెట్లు, తలుపు, వెలుతురు. వాటి వెనక, ఎవరో పెద్ద నిట్టూర్పు విడిచినట్టు, ఎక్కువ చప్పుడు కూడా లేకుండా, ఉత్తరపు గోడ సందులోకి కూలింది. క్రేను ఇంకా మలుపు దగ్గరే ఉంది.

దుమ్ము తగ్గేసరికి చౌకులో ఊరంతా ఉంది. కుర్రాళ్ళు పీపాను బల్లల మీద పడుకోబెట్టారు. అందరూ చూడాలన్నారు, ఆమె పక్కకు తప్పుకుంది. చివర చుట్టింది పైన ఉంటుంది కనుక ముందు తెరుచుకునేది తలే. జెలింద అందరికంటే ముందుకు వచ్చింది. మొనదేలిన ముసుగు కనిపించింది. దాని నడుమ కోడిగుడ్డు ఆకారంలో వట్టి నూలు గుడ్డ.

“ముఖమేదీ?” అంది.

ఫ్రా రుఫీనో నోరు తెరిచాడు. నీవెస్ ఆయన వంక చూసింది, ఆయన మూసుకున్నాడు.

“నా తప్పు, అత్తా,” అంది నీవెస్. “చూసుకోవలసింది. చూసుకోలేదు. తొందరపడ్డాను.”

మార్కెత్తి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె ఎంతసేపు తొందరపడకుండా కూర్చుందో అతని కంటే ఎక్కువ తెలిసినవాడు లేడు.

“చెప్పానా!” జెలింద గొంతు చౌకంతా మోగింది. “మెల్లగా అని మొత్తుకున్నానా లేదా? వినరే! రోములో చదివింది, సభల్లో మాట్లాడింది, మా మాటంటే లెక్కేమిటి! నా ఈ చేతులతో అన్నీ చేసి నీకు అప్పజెబితే, ఒక్క ముఖం, ఒక్క ముఖం దించలేకపోయావు కదే!” ఏడుస్తూ ఆమె నీవెస్ భుజాన్ని గుప్పిటతో కొట్టింది, ఒకసారి కాదు. జనం చూస్తున్నారు. కొందరు తల ఊపుతున్నారు, ఈ రోజు ఎప్పటికైనా వస్తుందని తెలిసినవాళ్ళలా.

నీవెస్ సున్నం నిండిన కళ్ళు తుడుచుకోకుండా తల వంచుకుని నిలబడింది.

“అవునత్తా,” అంది. “నువ్వు చేయవలసిందంతా చేశావు.”